రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ లుడ్విగ్ కార్ల్ విర్కో (అక్టోబర్ 13, 1821 - సెప్టెంబర్ 5, 1902) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, రోగవిజ్ఞాన శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. రోగాలకు మూలం శరీరంలోని కణాలలోనే ఉంటుందని ప్రతిపాదించి ఆధునిక పాథాలజీకి పునాది వేసినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. ల్యుకేమియా అనే వ్యాధికి ఆ పేరు పెట్టింది ఇతడే. రక్తనాళాలలో రక్తం గడ్డకట్టడాన్ని థ్రాంబోసిస్ అనీ, ఆ గడ్డ విడిపోయి రక్తప్రవాహంతో పాటు ప్రయాణించి మరొక చోట అడ్డుపడటాన్ని ఎంబాలిజం అనీ నామకరణం చేసింది కూడా ఇతడే. విర్కో వేర్వేరుగా పరిశీలించిన ఈ రెండు విషయాలు నేడు ల్యుకేమియాకు చికిత్స పొందుతున్న పిల్లలలో ఒకేచోట ఎదురవుతున్నాయి. ఆ పిల్లలలో రక్తపు గడ్డలు ఏర్పడటానికి గల కారణాలను వైద్యులు ఇప్పటికీ ఇతని పేరుతోనే ఉన్న విర్కో త్రయం ఆధారంగా వివరిస్తారు.

బాల్యం, విద్య

విర్కో అప్పటి ప్రష్యా రాజ్యంలోని పొమెరేనియా ప్రాంతంలో షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండ్‌లో ఉంది. దాని నేటి పేరు ష్విద్విన్. తండ్రి వ్యవసాయం చేస్తూ పట్టణ కోశాధికారిగా కూడా పనిచేసేవాడు. తల్లిదండ్రులకు విర్కో ఏకైక సంతానం. కుటుంబానికి ఆస్తిపాస్తులు అంతగా లేకపోయినా చదువులో చూపిన ప్రతిభ వల్ల ఇతనికి 1839లో బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాసంస్థలో ఉచితంగా చదువుకునే అవకాశం లభించింది. సైన్యానికి వైద్యులను తయారు చేయడం ఆ సంస్థ ఉద్దేశం.

బెర్లిన్‌లో ఇతడు ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రవేత్త యొహానెస్ ముల్లర్ వద్ద విద్యాభ్యాసం చేశాడు. సూక్ష్మదర్శినిని వైద్య పరిశోధనలో విరివిగా ఉపయోగించడం ముల్లర్ శిష్యుల ప్రత్యేకత. 1843లో విర్కో వైద్యశాస్త్రంలో డాక్టరేట్ పొంది బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో చేరాడు. అక్కడ శవపరీక్షల విభాగాధిపతి రాబర్ట్ ఫ్రోరీప్‌కు సహాయకుడిగా పనిచేసి, 1846లో ఆయన స్థానంలో నియమితుడయ్యాడు. విర్కో తొలినాటి ఆవిష్కరణలన్నీ ఈ శవపరీక్షల గది నుండి వచ్చినవే.

ల్యుకేమియా

1845లో షారిటే ఆసుపత్రిలో మరణించిన ఒక మధ్యవయస్కురాలి శరీరాన్ని విర్కో పరీక్షించాడు. వంటమనిషిగా పనిచేసిన ఆమెకు కాళ్ళవాపు, ముక్కునుండి రక్తస్రావం వంటి లక్షణాలు ఉండేవి. ప్లీహం విపరీతంగా పెరిగి ఉంది. రక్తనాళాలలో రక్తం ఎర్రగా కాక చీమును పోలిన తెల్లని పదార్థంలా కనిపించింది. సూక్ష్మదర్శిని కింద చూడగా అందులో ఎర్ర కణాలు చాలా తక్కువగాను, రంగులేని కణాలు చాలా ఎక్కువగాను ఉన్నాయి.

అదే సంవత్సరం, విర్కో కంటే కొన్ని వారాల ముందు, ఎడిన్‌బరోకు చెందిన జాన్ హ్యూస్ బెన్నెట్ ఇటువంటి రోగి వివరాలనే ప్రచురించాడు. బెన్నెట్ దానిని రక్తంలోనే చీము పుట్టడంగా భావించాడు. ఆ కాలపు వైద్యానికి అది సహజమైన ఊహే. కానీ చీము రావాలంటే శరీరంలో ఎక్కడో ఒకచోట వాపు లేదా పుండు ఉండాలి. విర్కో పరీక్షించిన రోగిలో అటువంటిది ఏదీ కనిపించలేదు. అందువల్ల ఇది చీము కాదనీ, రక్తంలో సహజంగా ఉండే రంగులేని కణాలే అదుపు తప్పి పెరిగాయనీ ఇతడు నిర్ణయించాడు. తనకు తెలియని కారణాన్ని ఊహించక, చూసినదానిని మాత్రమే సూచించే విధంగా తెల్ల రక్తం అని వర్ణించాడు. 1847లో అదే అర్థం వచ్చే గ్రీకు పదాలతో ల్యుకేమియా అనే పేరు పెట్టాడు. మొదట ఎవరు కనుగొన్నారన్న విషయమై బెన్నెట్‌కు, విర్కోకు మధ్య వివాదం నడిచింది. నేటి చరిత్రకారులు ఇద్దరికీ భాగం ఇస్తారు.

విర్కో వర్ణించినది పెద్దవారిలో నెమ్మదిగా ముదిరే రకం. పిల్లలలో ఎక్కువగా కనిపించే, వేగంగా ముదిరే రకాన్ని వైద్యులు ఆ తరువాతి దశాబ్దాలలో వేరుగా గుర్తించారు.

రక్తపు గడ్డలపై పరిశోధన

ఆ రోజులలో ఐరోపా వైద్యరంగంలో పారిస్‌కు చెందిన జా క్రువేలియే అభిప్రాయాలకు గొప్ప విలువ ఉండేది. సిరల గోడలకు వచ్చే వాపే అనేక రోగాలకు మూలమనీ, రక్తం గడ్డకట్టడం దాని ఫలితమనీ ఆయన బోధించేవాడు. ఫ్రోరీప్ ఈ విషయాన్ని పరిశీలించవలసిందిగా విర్కోకు అప్పగించాడు.

శవపరీక్షలలో ఊపిరితిత్తుల ధమనులలో గడ్డలు కనిపించినప్పుడు విర్కో ఆ ధమని గోడలను కూడా పరిశీలించేవాడు. చాలా సందర్భాలలో గోడలకు వాపు లేదు. అదే రోగి కాళ్ళలోని సిరలను తెరచి చూస్తే అక్కడ కూడా గడ్డలు ఉండేవి. కొన్నిటిలో సిరలోని గడ్డ విరిగిన కొన, ఊపిరితిత్తిలోని గడ్డ కొన ఒకదానికొకటి అతికేలా ఉండేవి. దీనిని బట్టి ఊపిరితిత్తిలోని గడ్డ అక్కడ పుట్టినది కాదనీ, కాలి సిరనుండి విడిపోయి గుండె మీదుగా అక్కడికి చేరినదనీ ఇతడు గ్రహించాడు.

దీనిని నిరూపించడానికి కుక్కలపై ప్రయోగాలు చేశాడు. రబ్బరు ముక్కలను, ఇతర పదార్థాలను మెడ సిరలోనికి ప్రవేశపెట్టి, కొంతకాలం తరువాత పరీక్షించగా అవి ఊపిరితిత్తుల ధమనులలో దొరికాయి. 1846 నుండి వెలువడిన ఈ పరిశోధనలను 1856లో తన వ్యాసాల సంకలనంలో సమగ్రంగా ప్రచురించాడు.

విర్కో త్రయం

రక్తం నాళంలో గడ్డకట్టడానికి మూడు రకాల కారణాలు ఉంటాయి:

1. రక్తప్రవాహం మందగించడం లేదా క్రమం తప్పడం. ఉదాహరణకు చాలాకాలం మంచం మీద కదలకుండా ఉండటం.
2. రక్తనాళపు లోపలి గోడ దెబ్బతినడం. ఉదాహరణకు గాయం, శస్త్రచికిత్స.
3. రక్తపు సంఘటనలోనే మార్పు వచ్చి అది తేలికగా గడ్డకట్టే స్వభావం పొందడం.

ఈ మూడింటిని కలిపి విర్కో త్రయం అంటారు. అయితే విర్కో వీటిని ఒక త్రయంగా ఎన్నడూ ప్రకటించలేదు. ఇతని రచనలలోని భావాలను ఒకచోట చేర్చి ఆ పేరు పెట్టినది 20వ శతాబ్దపు వైద్యులు.

సైలీషియా నివేదిక, విప్లవం

1848 ప్రారంభంలో ప్రష్యాలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో టైఫస్ జ్వరం ప్రబలి వేలాదిమంది మరణించారు. పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం విర్కోను అక్కడికి పంపింది. అక్కడి ప్రజలలో అధికులు పోలిష్ భాష మాట్లాడే నిరుపేదలు. సుమారు మూడు వారాలు పర్యటించి విర్కో సమర్పించిన నివేదిక ప్రభుత్వానికి మింగుడు పడలేదు. మందులకంటే ముందు ప్రజలకు తిండి, మాతృభాషలో విద్య, రహదారులు, న్యాయమైన పన్నులు, స్వపరిపాలన కావాలని ఇతడు అందులో సూచించాడు. సామాజిక వైద్యానికి ఈ నివేదికను ఒక మూలగ్రంథంగా పరిగణిస్తారు.

బెర్లిన్ తిరిగివచ్చిన కొద్దిరోజులకే మార్చి విప్లవం చెలరేగింది. విర్కో తిరుగుబాటుదారుల పక్షాన నిలిచాడు. అదే సంవత్సరం మిత్రుడు రుడాల్ఫ్ లాయ్‌బుషర్‌తో కలిసి వైద్య సంస్కరణల కోసం ఒక వారపత్రికను ప్రారంభించి 1849 వరకు నడిపాడు. విప్లవం అణచివేయబడిన తరువాత ప్రభుత్వ ఆగ్రహానికి గురై షారిటేలోని ఉద్యోగాన్ని వదులుకోవలసి వచ్చింది.

కణ సిద్ధాంతం

1849లో బవేరియాలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం విర్కోను పాథాలజీ ఆచార్యునిగా ఆహ్వానించింది. అక్కడ గడిపిన ఏడు సంవత్సరాలు పరిశోధనలో అత్యంత ఫలవంతమైనవి. 1850లో రోజ్ మేయర్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఆరుగురు సంతానం.

జీవకణాలు ఆకృతి లేని ద్రవం నుండి తమంతట తాముగా పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. ప్రతి కణం మరొక కణం నుండే పుడుతుందని 1855లో విర్కో ప్రకటించాడు. రాబర్ట్ రీమాక్ అనే శాస్త్రవేత్త అంతకుముందే కణ విభజనను పరిశీలించి ఇదే నిర్ణయానికి వచ్చాడు. రీమాక్‌కు దక్కవలసిన గుర్తింపును విర్కో ఇవ్వలేదన్న విమర్శ ఉంది.

1856లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఇతనిని తిరిగి పిలిపించి, షారిటేలో ప్రత్యేకంగా పాథాలజీ సంస్థను నిర్మించి ఇచ్చింది. 1858లో ఇక్కడ వైద్యులకు ఇచ్చిన 20 ఉపన్యాసాలు కణ రోగవిజ్ఞానం అనే పేరుతో గ్రంథరూపంలో వెలువడ్డాయి. రోగం అనేది శరీరమంతటా వ్యాపించిన దోషం కాదు, కొన్ని కణాలలో వచ్చిన మార్పు అని ఈ గ్రంథం చెబుతుంది. 1847లో బెన్నో రైన్‌హార్ట్‌తో కలిసి ఇతడు స్థాపించిన పాథాలజీ పత్రిక విర్కో పేరుతో నేటికీ వెలువడుతున్నది.

రాజకీయాలు, ప్రజారోగ్యం

1859లో విర్కో బెర్లిన్ నగర సభకు ఎన్నికై మరణించేవరకు సభ్యుడిగా కొనసాగాడు. 1861లో జర్మన్ ప్రగతి పార్టీ స్థాపకులలో ఒకడై, ప్రష్యా శాసనసభకు ఎన్నికయ్యాడు. ప్రధానమంత్రి బిస్మార్క్‌ను తీవ్రంగా విమర్శించేవాడు. 1865లో బిస్మార్క్ ఇతనిని ద్వంద్వ యుద్ధానికి పిలవగా విర్కో అంగీకరించలేదు. 1880 నుండి 1893 వరకు జర్మన్ పార్లమెంటులో సభ్యుడిగా ఉన్నాడు.

అప్పటి బెర్లిన్‌లో మురుగునీరు వీధి కాలువలలో పారేది. ఇంజనీరు జేమ్స్ హోబ్రెక్ట్‌తో కలిసి 1870ల నుండి భూగర్భ మురుగునీటి వ్యవస్థను నిర్మింపజేయడంలో విర్కో ముఖ్యపాత్ర వహించాడు. నగరంలో పురపాలక ఆసుపత్రుల ఏర్పాటుకు, పందిమాంసం ద్వారా వ్యాపించే ట్రైకినెల్లా పురుగును అరికట్టడానికి మాంసం తనిఖీని తప్పనిసరి చేయడానికి కృషిచేశాడు.

మానవ శాస్త్రం

1869లో బెర్లిన్ మానవ శాస్త్ర సంఘం స్థాపనలో విర్కో ప్రధాన పాత్ర వహించాడు. జర్మనీ పాఠశాలలలో 67 లక్షలకు పైగా పిల్లల కళ్ళ రంగు, జుట్టు రంగు, చర్మపు రంగు వివరాలను సేకరింపజేసి 1886లో ఫలితాలు ప్రచురించాడు. జర్మన్లందరూ ఒకే స్వచ్ఛమైన జాతి అన్న వాదానికి ఆధారం లేదని దీనివల్ల తేలింది. 1879లో హైన్‌రిచ్ ష్లీమన్‌తో కలిసి ట్రాయ్ తవ్వకాలలో పాల్గొన్నాడు.

విమర్శలు, పొరపాట్లు

విర్కో అభిప్రాయాలన్నీ కాలపరీక్షకు నిలబడలేదు. నియాండర్తాల్ పుర్రెను 1872లో పరీక్షించి, అది ప్రాచీన మానవునిది కాదనీ, రోగంవల్ల వికారమైన ఎముక అనీ భావించాడు. ప్రసూతి జ్వరానికి సెమ్మెల్‌వైస్ చెప్పిన కారణాన్ని చాలాకాలం అంగీకరించలేదు. సూక్ష్మజీవులే రోగకారకాలన్న వాదాన్ని కూడా సందేహంతో చూశాడు. 1887లో యువరాజు ఫ్రెడరిక్ గొంతునుండి తీసిన ముక్కలను పరీక్షించి క్యాన్సర్ కనిపించలేదని తెలిపాడు. 1888లో చక్రవర్తి అయిన ఫ్రెడరిక్ 99 రోజులకే గొంతు క్యాన్సర్‌తో మరణించాడు.

చివరి రోజులు

1902 జనవరి 4న బెర్లిన్‌లోని లైప్‌జిగర్ వీధిలో నడుస్తున్న ట్రామ్ నుండి దిగబోయి విర్కో కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. నెలల తరబడి మంచంలోనే ఉండి, తరువాత ఆరోగ్య కేంద్రాలలో విశ్రాంతి తీసుకున్నా పూర్తిగా కోలుకోలేదు. 1902 సెప్టెంబర్ 5న బెర్లిన్‌లో గుండె బలహీనత వల్ల మరణించాడు. బెర్లిన్‌లోని షోనెబెర్గ్ ప్రాంతంలో గల సెయింట్ మాథ్యూ శ్మశానవాటికలో సమాధి ఉంది.

పిల్లల ల్యుకేమియా చికిత్సలో విర్కో త్రయం

విర్కో జీవితకాలంలో ల్యుకేమియాకు చికిత్స లేదు. పిల్లలలో వచ్చే తీవ్రమైన రకం 1940ల వరకు కూడా కొద్ది వారాలలోనో, నెలలలోనో ప్రాణం తీసేది. 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందును 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఈ మందు లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో తయారైంది. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ చికిత్సలో ముఖ్యమైన మందు. అనేక మందులను కలిపి ఇవ్వడం వల్ల అభివృద్ధి చెందిన దేశాలలో పిల్లలకు వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో సుమారు 90 శాతం మంది అయిదేళ్ళకు పైగా జీవిస్తున్నారు.

అయితే ఈ చికిత్స జరిగే కాలంలో రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉంది. 17 అధ్యయనాలలోని 1,752 మంది పిల్లల వివరాలను కలిపి 2006లో ప్రచురించిన విశ్లేషణలో 5.2 శాతం మందిలో ఈ సమస్య కనిపించింది. అధికభాగం చికిత్స మొదటి దశలోనే సంభవించాయి. విర్కో త్రయంలోని మూడు అంశాలూ ఈ పిల్లలలో ఒకేసారి ఉండటమే దీనికి కారణం.

రక్తపు సంఘటనలో మార్పు: చికిత్సలో వాడే ఆస్పరాజినేజ్ అనే ఎంజైమును బ్యాక్టీరియా నుండి తయారు చేస్తారు. ఇది రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని నాశనం చేస్తుంది. దానిని తగినంతగా తామే తయారుచేసుకోలేని ల్యుకేమియా కణాలు ఆకలితో చనిపోతాయి. కానీ అదే సమయంలో కాలేయం తయారుచేసే ప్రోటీన్లు కూడా తగ్గిపోతాయి. వీటిలో రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్ ముఖ్యమైనది. దీనితో పాటు ఇచ్చే ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు గడ్డకట్టడానికి తోడ్పడే కొన్ని పదార్థాలను పెంచుతాయి. ల్యుకేమియా వ్యాధి కూడా రక్తాన్ని గడ్డకట్టే స్వభావం వైపు నెడుతుంది.

నాళపు గోడకు దెబ్బ: మందులు ఎక్కించడానికి పిల్లలకు మెడ లేదా ఛాతీ భాగంలోని పెద్ద సిరలో సన్నని గొట్టం అమర్చుతారు. మాటిమాటికీ సూదులు గుచ్చే బాధ దీనివల్ల తప్పుతుంది. కానీ ఆ గొట్టం సిర లోపలి గోడను ఒరుసుకుంటూ ఉంటుంది.

ప్రవాహం మందగించడం: పిల్లల సిరలు సన్నవి కనుక గొట్టం సిర లోపలి స్థలంలో కొంత ఆక్రమించి రక్తప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది. జ్వరం, నీరసం వల్ల మంచం పట్టిన పిల్లలలో ఇది మరింత ఎక్కువ.

పదేళ్ళు దాటిన పిల్లలలో ఈ ప్రమాదం అధికం. గొట్టం ఉన్న వైపు చేయి, మెడ వాచడం, నొప్పి కలగడం సాధారణ లక్షణాలు. మెదడులోని సిరలలో గడ్డకడితే తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మూర్ఛ, అవయవాలలో బలహీనత కనిపించవచ్చు. గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీ నొప్పి కలుగుతాయి. ఇటువంటి లక్షణాలు కనిపించిన వెంటనే చికిత్స చేస్తున్న వైద్యులకు తెలియజేయాలి.

దీని చికిత్సలో ఒక చిక్కు ఉంది. ల్యుకేమియా వల్ల, మందుల వల్ల ఈ పిల్లలలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గిపోతాయి. ఆస్పరాజినేజ్ వల్ల గడ్డకట్టడానికి అవసరమైన ఫైబ్రినోజెన్ కూడా తగ్గుతుంది. అంటే ఒకే బిడ్డకు ఒకే వారంలో గడ్డకట్టే ప్రమాదమూ, రక్తస్రావమయ్యే ప్రమాదమూ పొంచి ఉంటాయి. గడ్డ ఏర్పడినప్పుడు సాధారణంగా తక్కువ అణుభారం గల హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తూ, ప్లేట్‌లెట్ల సంఖ్యను బట్టి మోతాదు తగ్గించడమో, ఆపడమో చేస్తారు. ఆస్పరాజినేజ్‌ను పూర్తిగా మానివేస్తే ల్యుకేమియా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. కాబట్టి వీలైనంతవరకు కొంతకాలం ఆపి, బిడ్డ కోలుకున్నాక తిరిగి మొదలుపెడతారు.

గడ్డలను ముందుగానే నివారించడానికి కూడా ప్రయత్నాలు జరిగాయి. జర్మనీ వైద్య బృందాలు 949 మంది పిల్లలపై జరిపిన అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. తక్కువ మోతాదులో సాధారణ హెపారిన్ పొందినవారిలో 8.0 శాతం, ఎనాక్సపారిన్ అనే తక్కువ అణుభారపు హెపారిన్‌కు కేటాయించినవారిలో 3.5 శాతం, యాంటీథ్రాంబిన్‌కు కేటాయించినవారిలో 1.9 శాతం మందికి గడ్డలు ఏర్పడ్డాయి. అయితే ఎనాక్సపారిన్‌కు కేటాయించినవారిలో సుమారు మూడోవంతు మంది ఆ ఇంజెక్షన్లకు అంగీకరించలేదు. నోటి ద్వారా తీసుకునే అపిక్సబాన్‌ను 512 మందిపై పరీక్షించిన మరొక అధ్యయనం 2024లో ప్రచురితమైంది. మందు తీసుకున్నవారిలో 12 శాతం, తీసుకోనివారిలో 18 శాతం మందికి గడ్డలు కనిపించాయి. గణాంకశాస్త్రం ప్రకారం ఈ తేడా నిర్ధారణకు చాలలేదు. స్థూలకాయం గల పిల్లలలో మాత్రం ప్రయోజనం ఉన్నట్లు సూచనలు కనిపించాయి. అందువల్ల పిల్లలందరికీ ఒకే నివారణ పద్ధతి వర్తించదు. వయసు, బరువు, వాడే మందులు, అమర్చిన గొట్టం, ప్లేట్‌లెట్ల సంఖ్య ఇవన్నీ చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

గౌరవాలు, స్మృతి చిహ్నాలు

1892లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ విర్కోకు కోప్లీ పతకం ప్రదానం చేసింది. 1892-93లో ఇతడు బెర్లిన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడిగా ఉన్నాడు. తాను సేకరించిన వేలాది నమూనాలతో 1899లో షారిటేలో పాథాలజీ మ్యూజియాన్ని ప్రారంభించాడు. ఉదరంలోని క్యాన్సర్ వ్యాపించినప్పుడు ఎడమ మెడ ఎముక పైన ఉబ్బే శోషరస గ్రంథిని విర్కో గ్రంథి అంటారు. 1906లో బెర్లిన్‌లో ఇతని పేరుతో ప్రారంభమైన ఆసుపత్రి ప్రస్తుతం షారిటేలో భాగంగా ఉంది. షారిటేకు చెందిన పిల్లల క్యాన్సర్ చికిత్సా విభాగం ఈ ప్రాంగణంలోనే పనిచేస్తున్నది.